శివారు నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మేడం, నేను అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో జర్నలిజం ఒక సబ్జెక్టుగా చదువుతున్నాను. మా తరగతిలో ఏడుగురం కలిసి నెలకు ఒకసారి ఎనిమిది పేజీల పత్రిక తేవాలనుకున్నాం. ఎవరు ఏ వార్తలు చూడాలో తేలక అక్కడే ఆగిపోయాం. అందరికీ రాజకీయాలు, క్రైమ్, సినిమాలే కావాలి. మన ఊళ్లలో వార్తలు ఏముంటాయని ఒకరు, ఎవరి ఊరు వాళ్లే రాసుకుందామని ఇంకొకరు అంటున్నారు. వివాదాల జోలికి వెళ్లొద్దని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారు. మాది లంక గ్రామం. పంటు, అంటే మనుషుల్నీ బండ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి కాలేజీకి రావాలి. గాలి వేసినా, ఏరు పెరిగినా పంటు ఆపేస్తారు. పోయిన సెమిస్టరులో అలాగే ఒక పరీక్ష రాయలేకపోయాను. సాయంత్రం ఆఖరి పంటు తప్పితే ఇల్లు చేరలేను. అందుకని నాకు తేలికైన బీటు ఏదైనా ఇమ్మని అడిగాను. బీట్లు ఎలా పంచుకోవాలో చెబుతారా?

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊళ్లలో వార్తలు ఏముంటాయన్న ప్రశ్నకు జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. కాకపోతే నువ్వు దాన్ని నీ సొంత ఇబ్బందిగా రాశావు. పంటు ఆగింది, ఒక విద్యార్థిని పరీక్ష పోయింది. ఆ రోజు ఆ రేవులో ఇంకెంతమంది ఆగిపోయారు? డయాలసిస్‌కు వెళ్లాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పాలు, పూలు, కూరగాయలు పట్టుకొచ్చిన వాళ్లు ఆ సరుకు ఏం చేశారు? ఆపాలని నిర్ణయించింది ఎవరు, వేలంపాటలో రేవును దక్కించుకున్న పాటదారా, పంచాయతీయా, రెవెన్యూ వాళ్లా? రేవు పాట ఎంతకు పోయింది, ఆ పాటలో ప్రయాణికుల భద్రత గురించి ఏమి రాసుకున్నారు, పంటు మీద లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. రోజుకు రెండుసార్లు ఆ రేవులో నిలబడే మనిషికి వీటి జవాబులు తెలిసినంతగా జిల్లా కేంద్రంలో కూర్చున్న ఏ విలేకరికీ తెలియవు.

2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటుపడవ ఒకటి, కడుతున్న వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తా పడింది. బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు గోదావరిలో కొట్టుకుపోయారు. ఆ వారమంతా పత్రికల నిండా అవే వార్తలు. అంతకు ముందు వారం ఆ రేవు గురించి ఎవరు రాశారు? ఈ ప్రశ్న నేను వృత్తిలో ఉన్న వాళ్లందరినీ కలుపుకొని అడుగుతున్నాను. ప్రమాదం జరిగాక వెళ్లడం వార్త రాయడమే, కాదనను. అయితే జరగకముందు వారం వారం వెళ్లే మనిషి ఒకరు ఉండాలి. బీటు అన్న మాటకు నాకు తెలిసిన అర్థం అదే. కాబట్టి తేలికైన బీటు అడగకు. రేవు నీది.

ఇక బీట్లు పంచుకోవడం గురించి చెప్పే ముందు, నేను తప్పు చేసి నేర్చుకున్న ఒక సంగతి చెబుతాను.

విలేకరిగా చేరిన కొత్తలో నాకు డెల్టా సాగునీటి వార్తలు అప్పగించారు. ఒక రోజు అధికారుల నుంచి ప్రెస్ నోటు వచ్చింది, శివారు భూములకు, అంటే కాలువ చిట్టచివరి చేలకు కూడా నీరు చేరిందని. నేను దాన్ని కాస్త చక్కగా తిరగరాసి పంపాను. మర్నాడు మంచి శీర్షికతో అచ్చయింది. మూడో రోజు ఒక రైతు ఆ పేజీని మడిచి చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. కోప్పడలేదు. 'ఒకసారి మా చేలోకి వస్తారా అమ్మా' అన్నాడంతే. వెళ్లాను. నారుమడి చివర్లు పసుపు తిరిగి ఉన్నాయి. ఆయన గట్టు దిగి, గొంతుక్కూర్చుని, నేల బీటలో చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్లూ పోయాయి, అరచెయ్యి పోయింది, మణికట్టు దగ్గర ఆగింది. చెయ్యి తీసి మట్టి దులుపుకుంటూ 'మీరు రాసిన నీళ్లు ఇక్కడిదాకా రాలేదమ్మా' అన్నాడు.

ఆ సాయంత్రం కాలువ గట్టు పట్టుకుని వెనక్కి నడిచాను. లాకుల దగ్గర గేజి చూస్తే నిండుగా ఉంది. అధికారి అబద్ధం చెప్పలేదు, ఆయన చూసిన చోట నీళ్లున్నాయి. నాలుగు కిలోమీటర్లు కిందికి వచ్చాక ఒక తూము దగ్గర గుర్రపుడెక్క చాప పరిచినట్టు అల్లుకుని ఉంది. దాని అవతల పంటబోదెలో తడి లేదు. కాలువ తల దగ్గర ఉన్న నిజం శివారులో నిజం కాదని నాకు అక్కడ తెలిసింది. మా పత్రికలో సవరణ వేశాం, ఆ తూము సంగతీ రాశాం. అప్పటి నుంచి ఏ బీటు తీసుకున్నా దాని శివారు ఎక్కడుందా అని ముందు వెతికేదాన్ని. మీ ఏడుగురికీ నేను చెప్పేది కూడా ఇదే. మీకు ప్రెస్ నోట్లు రావు, మంత్రుల ఫోన్లు దొరకవు. పెద్ద పత్రికల విలేకరులతో పోటీపడితే తల దగ్గర ఓడిపోతారు. శివారుకు వాళ్లు రోజూ రాలేరు, మీరు అక్కడే పుట్టి పెరిగారు.

అందుకే మొదటి బీటుగా కాలువ పట్టుకోమంటాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన ప్రాంతంలో అన్నీ ఆ నీటి చుట్టూనే తిరుగుతున్నాయి. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ అదే మూలం. మీది మధ్య డెల్టా. బొబ్బర్లంక దగ్గర తల, అక్కడి నుంచి కాలువలు చీలుతూ వస్తాయి. పి.గన్నవరం అక్విడక్టు మీదుగా గోదావరి పాయ వైనతేయను దాటి నగరం లంకలోకి వెళ్లే కాలువ కూడా ఉంది. ఇద్దరు కలిసి ఒక్క కాలువను ఎంచుకోండి, అన్నీ వద్దు. సైకిళ్ల మీద తల నుంచి శివారు దాకా ఒక్కసారి వెళ్లి రండి. ఎక్కడ లాకు ఉంది, ఎక్కడ ఊరి మురుగు కలుస్తోంది, ఎక్కడ గట్టు జారింది, తాగునీటి చెరువుకు నీరు ఎక్కడ తోడుతున్నారు అన్నవి ఒక కాగితం మీద గీసుకోండి. కాలువ గేట్లు చూసుకునే లస్కరుతో పరిచయం పెంచుకోండి. ఏ గేటు ఎప్పుడు ఎత్తారో, ఎవరు వచ్చి గొడవ పడ్డారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి. నీళ్లు వస్తాయని ఎవరు చెప్పారు, ఏ తేదీన వస్తాయన్నారు, శివారు చేలో తడి ఏ తేదీన కనిపించింది. సార్వా (మొదటి పంట) నాట్లప్పుడు ఒకసారి, దాళ్వాలో (రెండో పంటలో) వంతులవారీగా నీళ్లిచ్చేటప్పుడు ఒకసారి ఇది నింపితే చాలు. రెండు పంటలు తిరిగేసరికి జిల్లాలో ఎవరి దగ్గరా లేని లెక్క మీ దగ్గర ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పని అయిపోయిందనుకోవద్దు. పూడిక తీతలు, గట్ల మరమ్మతులు జరిగేది అప్పుడే. ఏ పని మంజూరైంది, ఎంతకు, నీళ్లు వదిలేనాటికి ఎంత అయింది అన్నది కళ్లతో చూడగలిగే రోజులవి. నీళ్లు వదిలేశాక కాలువ అడుగు ఎవరికీ కనిపించదు.

కాలువతో పాటే డ్రెయిన్లు కూడా చూడాలి. డెల్టాలో నీళ్లు రాకపోవడం ఎంత బాధో, వచ్చిన నీళ్లు పోకపోవడం అంతకంటే బాధ. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో పంట విరామం ప్రకటించినప్పుడు ఢిల్లీ నుంచి కూడా విలేకరులు వచ్చారు. గిట్టుబాటు ధర లేదని, కూలి ఖర్చు పెరిగిందని, ముంపు నీరు దిగడం లేదని రైతులు అప్పుడు చెప్పినవన్నీ ఏళ్ల తరబడి చెబుతున్నవే. మురుగు కాలువలో తూడు మొక్క పేరుకోవడం ఒక్క రోజులో జరగదు. కోతల వేళ ధాన్యం కొనుగోలు కేంద్రాలు కూడా ఈ ఇద్దరే చూడొచ్చు. తేమ 17 శాతం దాటితే పేచీ మొదలవుతుంది. కేంద్రంలో యంత్రం ఒక అంకె చూపి, అదే ధాన్యానికి మిల్లు దగ్గర ఇంకో అంకె చూపితే రెండు చోట్లా తేదీ, సమయం రాసుకోండి. ఆ రైతు కౌలుదారైతే సాగుదారు హక్కు కార్డు ఉందా, ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎవరి పేరు ఉందని అడగండి. చేలో ఉన్నది ఒకరు, కాగితంలో ఉన్నది ఇంకొకరు అయితే నష్టపరిహారం వచ్చినప్పుడు ఎవరికి చేరుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వరద మాత్రం ఏ ఒక్కరి బీటూ కాదు, ఏడుగురిదీ. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ప్రవాహంలో చెబితే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఈ అంకెలు అన్ని పత్రికల్లోనూ వస్తాయి, టీవీల్లో రోజంతా తిరుగుతాయి. కానీ బ్యారేజి దగ్గర 12 అడుగులున్నప్పుడు మీ లంకలో ఏ కాజ్‌వే మునుగుతుంది, 14 అడుగులకు ఏ వీధిలోకి నీళ్లొస్తాయి, అక్కడి నీరు మీ దగ్గరికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఇది ఊళ్లో పెద్దవాళ్లకు నోటికి వచ్చు. ఏ గోడ మీద ఏ ఏడాది గీత ఉందో కూడా చూపిస్తారు. మీరు ఏడుగురూ తలా రెండు లంకలు తిరిగి, ముగ్గురు నలుగురిని విడివిడిగా అడిగి, ఆ మాటలు కలుస్తున్నాయో లేదో చూసి ఒక పట్టిక తయారు చేయండి. జూన్ సంచికలో మధ్య పేజీ మొత్తం అదే వేయండి. జనం చింపి గోడకు అంటించుకునే పేజీ అవుతుంది. ఏరు వచ్చాక మాత్రం సాహసాలు వద్దు. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కవద్దు, తెగేలా ఉన్న ఏటిగట్టు మీద ఫొటోల కోసం నిలబడవద్దు. ఇది అమ్మమ్మ మాటలా ఉన్నా సరే, నూటికి నూరు పాళ్లు పాటించండి.

కొబ్బరి ఒకరికి ఇవ్వండి. అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కాయల ధర ఎంత పలికిందన్నది అందరూ రాస్తారు. చెట్టెక్కి కాయలు కోసే దింపు కార్మికుడికి చెట్టుకు ఎంత ఇస్తున్నారు, ఒలుపు కూలి ఎంత, చెట్టు మీద నుంచి పడినవాడికి వైద్యం ఎవరు చేయించారు అన్నది రాసేవాళ్లు తక్కువ. తెల్లదోమ పట్టిన తోటల సంగతి కూడా ఈ బీటులోనే వస్తుంది. 1996 నవంబరు తుపానులో కూలిన తోటల గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారంటే కారణం ఉంది. చెట్టు నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, ఒక్క రాత్రి గాలి ఒక కుటుంబం ఆదాయాన్ని ఏళ్ల తరబడి తీసుకుపోతుంది.

గల్ఫ్ కుటుంబాల గురించి మీలో ఎవరూ అనుకోలేదేమో. కోనసీమలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మీ ఏడుగురిలోనే ఉండొచ్చు. నా దృష్టిలో కోనసీమకు ఇంతకంటే ముఖ్యమైన బీటు లేదు, ఇంత సున్నితమైనదీ లేదు. పంపే డబ్బుతో కట్టిన ఇంటి గురించి ఒకసారి, ఫోను రాని నెలల గురించి ఒకసారి, ఏజెంటు చేతిలో మోసపోయిన వాళ్ల గురించి ఒకసారి రాయాల్సి వస్తుంది. ఈసీఆర్ (వలసకు ముందు ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలన్నది నిబంధన. అది తప్పించి సందర్శకుల వీసాల మీద పంపే దళారులు ఉంటారు. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా చూసుకోవాలని ఒక చిన్న పెట్టె కట్టి వేసినా ఒక ఇంటికి మేలు జరుగుతుంది. అయితే అక్కడ ఉన్న మనిషికి ఇక్కడి వార్త వల్ల ఇబ్బంది రాకూడదు. పేరు, ఊరు, యజమాని వివరం ఏదీ అచ్చు వేయొద్దు. ఇంట్లో వాళ్లు రాయమన్నా సరే, వెళ్లిన మనిషిని కూడా అడగండి. ఈ బీటు నిదానం ఉన్న మనిషికే ఇవ్వండి.

రాజకీయాలు కావాలన్న వాళ్లకు వద్దని చెప్పను, పంచాయతీ ఇవ్వండి. గ్రామసభ జరిగిందా, ఎంతమంది వచ్చారు, తీర్మానాల పుస్తకంలో ఏమి రాశారు, ఆర్థిక సంఘం నిధులు దేనికి ఖర్చు చేశారు. సమాచార హక్కు చట్టం కింద గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. జవాబుకు 30 రోజుల గడువు. దినపత్రికకు ఆ గడువు చాలా ఎక్కువ. మీది నెలకొక సంచిక కాబట్టి మీకు సరిగ్గా సరిపోతుంది.

సినిమా వార్తలు అందరి ఫోన్లలోకీ మీకంటే ముందే వచ్చేస్తాయి. క్రైమ్ బీటు ఎవరికీ ఒంటరిగా ఇవ్వొద్దు. పోలీసులు చెప్పింది ఒక పక్షం మాత్రమే. నిందితుడిని దోషి అని రాయకూడదు. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ బడి పేరు, ఇరుగుపొరుగు వివరాలు కూడా బయటపెట్టవద్దంటుంది. చిన్న ఊళ్లో ఇంటిపేరు, వీధి రాస్తే పేరు రాసినట్టే.

రొయ్యల చెరువుల మీద మీకు ఆసక్తి ఉంటుంది, నాకు తెలుసు. మొదటి ఏడాది వద్దంటాను. పక్క చేలో పైరు ఎండిందంటే ఉప్పు ఏ చెరువు నుంచి ఊరిందో చూపుతో చెప్పలేం, నీటి పరీక్ష కావాలి. అనుమతి పత్రాలు చదవడం రావాలి. చెరువు పెట్టిన చిన్న రైతూ అప్పుల్లోనే ఉంటాడు, ఆయన మాట కూడా అంత ఓపికగానూ వినాలి. ఈలోగా కౌంటు ధరలు రాసుకుంటూ ఉండండి. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి చెరువు గట్ల మీద గుబులు పుట్టింది. అలాంటి వార్త మళ్లీ వచ్చిన రోజున మీ దగ్గర పాత ధరలు ఉంటే ఎవరు ఎంత తగ్గించారో అంకెలతో చెప్పగలుగుతారు.

ఎవరి ఊరు వాళ్లే రాసుకుందామన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. మన దగ్గర ఊరు అంటే ఒకటి కాదు, ఊరిలో పేటలున్నాయి. ఎవరి పేట వాళ్లే చూసుకుంటే మీ పత్రికలో కూడా ఆ గోడలే నిలబడతాయి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో మొదలైన నిరసన ఇళ్లు తగలబెట్టే దాకా వెళ్లింది. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్‌నెట్ లేదు. అప్పుడు మీరు హైస్కూలులో ఉండి ఉంటారు, ఏ పుకార్లు విన్నారో గుర్తు చేసుకోండి. అలాంటి రోజున పక్క పేటలో నమ్మి నిజం చెప్పే నలుగురు మనుషులు ఉండటం విలేకరికి ఎంత అవసరమో నేను చూశాను. ఆ నమ్మకం మామూలు రోజుల్లో కుళాయి నీళ్ల గురించి, అంగన్‌వాడీ గుడ్ల గురించి అడగడానికి వెళ్లినప్పుడే ఏర్పడుతుంది. అందుకని ప్రతి బీటులోనూ అన్ని పేటలూ ఉండేలా పంచుకోండి. సొంత బంధువులకు లాభనష్టాలున్న వార్త వస్తే దాన్ని ఇంకొకరికి ఇచ్చేయండి. మీ ఇంట్లో ఎవరికైనా రేవు పాటలో వాటా ఉంటే నీకు కూడా ఇదే వర్తిస్తుంది. లేకపోతే సంకోచం అక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గారితో వాదన పెట్టుకోవద్దు. ముందు వరద పట్టిక పని చూపించండి. అచ్చుకు వెళ్లేముందు ఒక అధ్యాపకుడు చదువుతారని, ఎవరిని విమర్శించినా వాళ్ల వివరణ అదే వార్తలో ఉంటుందని, తప్పు దొర్లితే మరుసటి సంచికలో మొదటి పేజీలోనే సవరణ వేస్తామని రాసివ్వండి. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని మొదలుపెట్టేనాటికి ఆయనకు 26 ఏళ్లు, వృత్తి బడిపంతులు. స్థానిక అధికారుల లంచగొండితనం మీద ఇదే గోదావరి ఒడ్డున కూర్చుని రాశారు. ఈ సంగతి కూడా ప్రిన్సిపాల్ గారికి వినయంగానే గుర్తుచేయొచ్చు.

సాయంత్రం ఆఖరి పంటు గురించి బెంగపెట్టుకోకు. నీ బీటుకు సాయంత్రాలు అక్కర్లేదు. పొద్దున మొదటి పంటుకు పావుగంట ముందు రేవుకు రా. తేదీ, పంటు బయల్దేరిన సమయం, ఎక్కిన మనుషులు, బండ్లు, కనిపించిన లైఫ్ జాకెట్లు రాసుకో. ఆగిన రోజున ఎవరు ఆపారు, ఏ కారణం చెప్పారు, ఎవరెవరు ఏ పని మీద నిలబడిపోయారు అన్నది వాళ్లను అడిగి రాసుకో. పేరు రాయవచ్చా అని కూడా అడుగు. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో పంచాయతీ కార్యదర్శికి ఫోను చేసి పాట ఒప్పందం ప్రతి అడుగు, ఇవ్వకపోతే దరఖాస్తు పెట్టు. మొదటి సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి నాకు పోస్టులో పంపు. పంటు ఆగిన రోజుల పట్టిక ఏ పేజీలో వేశారో ముందు అదే చూస్తాను.